ఐకాన్ కింద రెండు చుక్కలు

మా లాబ్‌లో కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. సిద్ధాంతం కోసమని డాక్టర్ పైడిరాజుగారంటారు, పొదుపు కోసమని నేనంటాను. తెర అడుగున ఐకాన్ల పట్టీ ఒకటి ఉంటుంది. ఏ అప్లికేషన్ తెరిస్తే దాని ఐకాన్ కింద చిన్న తెల్ల చుక్క వెలుగుతుంది. ఒక విండో తెరిచి ఉంటే ఒక చుక్క, రెండుంటే రెండు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు అప్పటికే తెరిచి ఉన్న అప్లికేషన్ ఐకాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కి, "మేడమ్, ఇంకో విండో రావట్లేదు" అని నా ప్రాణం తీస్తారు. రాదు. తెరిచి ఉన్నదాన్నే అది ముందుకు తెచ్చి నిలబెడుతుంది. రెండోది కావాలంటే మౌస్ మధ్యనున్న చక్రంతో నొక్కాలి. పందొమ్మిదేళ్ళుగా ఈ పాఠం చెబుతూనే ఉన్నాను. చివరికి అది నా మెడకే చుట్టుకుంది.

నా పేరు శేషారత్నం. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉన్న ఒక మెదడు పరిశోధనశాలలో కంప్యూటర్ల బాధ్యత నాది. మా నాన్నగారు విరూపాక్షశర్మగారు తెలుగు పండితులు, అష్టావధాని. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఆయన్ని ప్రశ్నలతో కమ్ముకునేవారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఒకరు సందర్భం లేని ప్రశ్నలతో ఆటపట్టిస్తారు, ఒకరు ఎప్పుడుపడితే అప్పుడు గంట కొడతారు. ఆయన ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ నాలుగు ఆవృత్తాలు తిరిగి, చివర్న పద్యాలన్నీ వరసగా ఒప్పజెప్పి, గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పాలి. ఆ ఒప్పజెప్పడాన్ని ధారణ అంటారు. ధారణ లేకపోతే మిగతాదంతా కబుర్లేనని నాన్నగారి అభిప్రాయం.

ఇంట్లో సాధన చేసేటప్పుడు గంట కొట్టేది మా అమ్మ మాణిక్యాంబ. వంటింట్లోంచే కొట్టేది. సందర్భం లేని ప్రశ్నలు నావి. "అవధానిగారూ, కాకికి జలుబు చేస్తే ఏ మందు వేసుకుంటుంది?" అని అడిగేదాన్ని, ఏడేళ్ళప్పుడు. "గొంతు చూస్తే తెలియట్లేదుటే, ఇంకా ఏ మందూ దొరకలేదని" అనేవారు ఆయన, పద్యం తెగకుండానే. ఒకసారి పెద్ద సభ ముందు పద్దెనిమిది గంటలకి పదిహేడన్నారు. "ఒకటి తక్కువ" అంది అమ్మ, చారులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనకి ఒక్క గంట కూడా చూసీచూడనట్టు వదిలిపెట్టలేదు.

రెండేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ నాలుకా పోయాయి. చెవులూ, రెప్పలూ, బుద్ధీ మిగిలాయి. నూటపన్నెండు అవధానాలు చేసిన మనిషి రెప్ప ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లార్పితే కాదు అనే స్థితికి వచ్చేశారు. పైడిరాజుగారు పదేళ్ళుగా తయారుచేస్తున్న 'వాకిలి' అనే ప్రోగ్రామ్ అప్పటికి కోతుల్ని దాటి మనుషుల దాకా వచ్చింది. తలకి వల లాంటి టోపీ తొడుగుతారు. మనిషి ధ్యాస ఎటు తిరుగుతోందో అది పసిగడుతుంది, వాకిలి దాన్ని మాటలుగా తెర మీద రాస్తుంది. అది తనంతట తాను ఏమీ కల్పించదు. లోపలి మనిషి తలుపు దగ్గరికొస్తే చెవి ఒగ్గుతుంది, అంతే. ఐదు నెలలు వల్లె వేశాక నాన్నగారు రాసిన మొదటి వాక్యం, "ఆ ఫ్యాన్ తగ్గించండి." అమ్మ తెర పట్టుకుని ఏడ్చింది. నేను ఫ్యాన్ తగ్గించి, బయటికెళ్ళి ఏడ్చాను.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బావుండేది.

కానీ ఆయన మనసులోని మాట వినడానికి మనుషులు పెరిగారు. శిష్యులు, బంధువులు, పరీక్షలు పెట్టే పైడిరాజుగారు. ఒకరి తర్వాత ఒకరు వరసలో కూర్చునేవారు. ఒకరోజు తెర మీద ఇలా పడింది: "రత్నం, ఒక్క పృచ్ఛకుణ్ణి కూర్చోబెట్టి అవధానం చెయ్యమనడం నాకు అవమానం కాదుటే? ఈ కిటికీ ఒక్కటేనా మీ దగ్గరున్నది?" విండోని ఆయన కిటికీ అనేవారు. ఇప్పుడు నాకూ అదే మాట వస్తోంది.

పైడిరాజుగారు మెనూలోంచి 'కొత్త విండో' అన్న మాటనే తీసేయించారు. మౌస్ చక్రం సంగతి మాత్రం ఆయనకి తెలియదు. నేను చెప్పినప్పుడు ఆయన ముఖం పాలిపోయింది.

"రెండు తెరిస్తే ఏటవుతాదో మనకి తెలీదు కదా రత్నంగారూ. ఒక మనిషి, రెండు గుమ్మాలు. ఏ గుమ్మంలో ఉంటాడాయన?"

"రెండింటి మధ్యా తిరుగుతారు. అది ఆయనకి వెన్నతో పెట్టిన విద్య."

"నాకు భయంగా ఉందండి."

నాకు లేదు. అదే నా తప్పు. చక్రం నొక్కాను, ఐకాన్ కింద రెండో చుక్క వెలిగింది. ఒక కిటికీలో అమ్మ ఊరి సంగతులు చెబుతుంటే, రెండో కిటికీలో పైడిరాజుగారు ఎక్కాలు అడిగారు. నాన్నగారు ఇటు ఒక మాట, అటు ఒక మాట చెబుతూ అచ్చం సభలో తిరిగినట్టే తిరిగారు. ఇటు రాస్తుంటే అటు ఆగేది. రెండోది మూసేశాక అందులో ఏం జరిగిందని అడిగితే పూసగుచ్చినట్టు చెప్పారు. అమ్మ తొమ్మిది గంటలు కొట్టింది, తొమ్మిదన్నారు. ఇక పైడిరాజుగారికీ ఉత్సాహం వచ్చింది, అమ్మ గంట ఎనిమిదోదిగా ఏడు కిటికీలతో పూర్తి అవధానమే పెడదామన్నారు. భయం ఒకరి దగ్గర్నుంచి పోయిందంటే ఇంకొకరి దగ్గరికి చేరిందనే అర్థం. అది అమ్మ దగ్గరికి చేరింది.

ఇంట్లో ఆవిడ చింతపండు పెట్టి గంట తోముతూ అంది, "ఏడు కిటికీలూ ఒక్కసారే తెరిచి ఉంచుతారుటే?"

"సభలో ఎనిమిదిమంది ఒక్కసారే కూర్చోరూ?"

"కూర్చుంటారు. కానీ ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు నోరుమూసుకుంటారు. మీ నాన్నగారు ఒక్కరే కదే. వాళ్ళ మధ్య తిరగడానికి ఆయనకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది." గంట కడిగి ఎత్తి చూసుకుంది. "మీ యంత్రానికి ఆ వ్యవధి అక్కర్లేదేమోనని నా భయం."

నేను నవ్వేశాను. అమ్మకి కంప్యూటర్ల గురించి ఏం తెలుసని.

శ్రావణంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి అవధానం మొదలుపెట్టాం. పక్కగదిలో మంచం మీద నాన్నగారు, ఆయన చెవి పక్కన గంటతో అమ్మ, గుండె కొలిచే యంత్రంతో పైడిరాజుగారు. ఇవతల హాల్లో ఆరుగురు శిష్యులు, ఆరు తెరలు. ఏడోది నాది, సందర్భం లేని ప్రశ్నలకి. కిటికీలో టైపు చేసిన ప్రశ్నని వాకిలి ఆయన చెవిలో చదివి వినిపిస్తుంది. అన్నీ ఒకే కంప్యూటర్‌కి కలిపినవే. ఆరుసార్లు చక్రం నొక్కాను. ఐకాన్ కింద ఏడు చుక్కలు వరసగా నిలబడ్డాయి.

ఒక శిష్యుడు రుషికొండ మీద వాన వర్ణించమన్నాడు. ఇంకొకడు మౌసు, ఫైలు, డాటా, బోర్డు అన్న మాటలతో సీతా స్వయంవరం చెప్పమన్నాడు. మొదటి పాదం వచ్చేసరికి హాల్లో చప్పట్లు. రెండో ఆవృత్తం మొదలైంది. ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిన పాదాలు ఆరు తెరల మీదా ఒకేసారి, అక్షరం వెంట అక్షరం పడుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. శిష్యులు ముందుకు వంగి మురిసిపోతున్నారు, ఎవరి తెర వాళ్ళదే కాబట్టి ఎవరికీ పక్కతెర కనిపించడం లేదు. అన్నీ కనిపిస్తున్నది నాకొక్కదానికే.

వర్ణన తెర మీద పాదం పక్కన చిన్నగా ఒక వాక్యం పడింది: "మిగతా పృచ్ఛకులు ఇంకా రాలేదా?" నిషేధాక్షరి తెర మీద: "సభకి నువ్వొక్కడివే వచ్చావేం నాయనా?" అన్ని తెరల మీదా అదే ప్రశ్న వేరువేరు మాటల్లో. ఏ కిటికీలో ఉన్న ఆయనకీ పక్క కిటికీ ఉందని తెలియదు.

నా ఫోన్ మోగింది. పక్కగది నుంచి అమ్మ. "లెక్క అడుగు."

"మధ్యలో అడగకూడదు కదే."

"అడగవే."

అన్ని కిటికీల్లోనూ ఒకే ప్రశ్న టైపు చేశాను, ఇప్పటికి గంట ఎన్నిసార్లు మోగిందని. నాలుగు. మూడు. ఐదు. మూడు. నాలుగు. రెండు. చివరగా నా కిటికీలో, "ఆరు. నువ్వింకా ఏమీ అడగలేదేమిటే?"

"నువ్వెన్ని కొట్టావమ్మా?" అన్నాను ఫోన్లో.

"ఇరవై ఏడు."

కూడి చూశాను. ఇరవై ఏడే వచ్చింది. అప్పుడు నాకు కలిగిన భయం ఇన్నాళ్ళకీ వదల్లేదు. ఆయన లెక్క తప్పలేదు. మోగిన ప్రతి గంటా ఎవరో ఒకరు విన్నారు, కానీ ఒక్కరే విన్నారు. మా నాన్నగారు ఏడుగురి మధ్యా తిరగడం లేదు. ఏడు ముక్కలై కూర్చున్నారు.

ఇంతలో పైడిరాజుగారు గుమ్మంలోకి వచ్చారు. "రత్నంగారూ, గుండె నలభైకి దిగిపోయింది. ఏదో ఒకటి మూసేయండమ్మా, బేగి."

ఏది మూయాలి? ఆరుగురూ పద్యం నడుమ ఉన్నారు. పృచ్ఛకుణ్ణి మధ్యలో లేపడమంటే ముఖాన తలుపు వేయడమే. మా ఇంట్లో చిన్నప్పటినుంచీ ఒక ఆనవాయితీ ఉంది. పీటలు చాలకపోతే ముందు లేవాల్సింది ఇంటిపిల్ల. పంక్తిలో అన్నం కలుపుకున్నాక కూడా ఎన్నోసార్లు లేచాను. అయినా నా కిటికీలో ఏముంది గనక? యంత్రాల వెంట తిరుగుతూ నేనక్కడ నా వంతు ప్రశ్న ఒక్కటి కూడా అడగలేదు. మొన్న రెండోది మూసినప్పుడు అందులోదంతా క్షేమంగా తిరిగొచ్చింది కదా. ఇదంతా ఆలోచించడానికి నాకు పట్టింది ఒక్క క్షణం. నా కిటికీ మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కాను. "నువ్వింకా ఏమీ అడగలేదేమిటే" అన్న మాటతో సహా అది మాయమైపోయింది.

గుండె యాభై రెండుకి లేచింది. పైడిరాజుగారు చెమట తుడుచుకున్నారు. ఇంకోటి మూయమంటారేమోనని నేను భయపడుతుంటే అమ్మ గంట పట్టుకునే హాల్లోకి వచ్చింది. శిష్యులు లేచి నిలబడ్డారు.

"కూర్చోండి నాయనా. ఇక ఎవరూ ఏమీ అడక్కండి, ఏమీ కొట్టకండి. ధారణకి ముందు సభ మౌనంగా ఉండాలి. ఆయన్ని పోగుచేసుకోనివ్వండి."

పది నిమిషాలు గడిచాయి. ఏసీ చప్పుడు, గుట్ట కింద అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మొదటి కిటికీలో వర్ణన పద్యం నాలుగు పాదాలూ వచ్చాయి. దాని వెనకే రెండో కిటికీలో ఉండాల్సిన పద్యం కూడా అక్కడే వచ్చింది. అదే సమయంలో రెండో కిటికీలోంచి అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి. అది పూర్తిగా ఖాళీ అయ్యాక మూశాను. మూడోది, నాలుగోది, ఐదోది, ఆరోది. యంత్రం చేయలేని పని ఆయనే చేసుకున్నారు. శిష్యులు కళ్ళొత్తుకుంటున్నారు. నేనూ ఏడుస్తున్నాను, అప్పటికి ఆనందంతోనే.

చివరగా తెర మీద పడింది. "గంటలు ఇరవై ఒకటి."

నాన్నగారి రాతలో ఎంత ధీమా ఉందంటే, ఒక్క క్షణం ఇరవై ఒకటేనేమో అనిపించింది. ఆరు పోయాయి. నా కిటికీలోవి ఆరు. నేను అమ్మ వైపు చూశాను. ఒక్క గంట తక్కువైతే భర్తని పస్తు పడుకోబెట్టిన మనిషి. ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగింది, నేను వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"సరిపోయిందండీ" అంది.

ఆయన రెప్ప ఒకసారి ఆడింది. తెర మీద ఇంకో వాక్యం వచ్చింది: "సంతోషం. మాణిక్యం, ఇందాకటినుంచి ఈ యంత్రాలు చూస్తున్న అమ్మాయిగారెవరు? పాపం ఆవిడ ఏడుస్తున్నట్టుంది."

నేను ఒక్క ప్రశ్న కూడా అడగని ఆ కిటికీలో ఆయన నాకోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. నా గురించిన జ్ఞాపకమంతా అక్కడే పెట్టుకుని కూర్చున్నారు. నేను దాన్ని మూసేశాను.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక పట్టీ వైపు చూశాను. తెర మీద ఉన్నది ఒక్కటే కిటికీ. ఐకాన్ కింద రెండు చుక్కలున్నాయి.

ఐకాన్ నొక్కాను. ఉన్న కిటికీయే ముందుకు వచ్చింది. మళ్ళీ నొక్కాను, కొత్తగా చేరినవాళ్ళలాగే మళ్ళీ మళ్ళీ నొక్కాను. అన్ని డెస్క్‌టాప్‌లూ గాలించాను, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా వరసవరసా చదివాను. ఇంటూ నొక్కితే కిటికీ పోతుంది, లోపలున్నది పోతుందని ఎక్కడా రాసి లేదు. ఈ పాఠం కూడా నేను కొత్తవాళ్ళకి చెప్పేదే. ఆయన ఉన్నారు. గుమ్మం లేని గదిలో ఉన్నారు.

"ఒకసారి రీస్టార్ట్ చేసేద్దారి" అన్నారు పైడిరాజుగారు మర్నాడు. "అప్పుడు అన్నీ ఒకటైపోతాయేమో."

"లోపలున్నాయన పోతే?"

ఆ కంప్యూటర్ ఆగకుండా ఉండటానికి మూడు బ్యాటరీలు పెట్టాను. తుపాను హెచ్చరిక వస్తే నా చాప అక్కడే. స్విచ్ మీద ఎర్ర కాగితం అంటించాను. తుడవడానికొచ్చే మనిషిని కూడా ఆ మూలకి పోనివ్వను.

అమ్మ రోజూ నాలుగింటికి గంట తీసుకుని వచ్చేది. ఆవిడ తొమ్మిది కొడితే నాన్నగారు ఏడనేవారు. పన్నెండు కొడితే తొమ్మిదనేవారు. "సరిపోయిందండీ" అనేది అమ్మ ప్రతిరోజూ, నా ముఖం చూడకుండా. ఆవిడకి ఆ తక్కువలు గుండెకోత. నాకు మాత్రం అవే ప్రాణం. ఆ రెండు గంటలు, మూడు గంటలు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు. నన్ను ఎరిగిన ఆయన ఆ చీకట్లో కూర్చుని లెక్కపెట్టుకుంటున్నారు. ఈ మాట అమ్మకి చెప్పలేదు. మూసింది నేనేనని ఎలా చెప్పను?

నాన్నగారి చెవి ఒక్కటే కదా, అందుకని నేనూ రోజుకో ప్రశ్న ఆయన చెవిలో వేసేదాన్ని. "అవధానిగారూ, కాకికి జలుబు చేస్తే ఏ మందు వేసుకుంటుంది?" చాలా రోజులు తెర మీద మర్యాదగా, "ఎవరమ్మా మీరు?" అని వచ్చేది. కొన్ని రోజులు ఏ జవాబూ వచ్చేది కాదు. రాని రోజు ఇంటికి వెళ్ళాక నాకు అన్నం సయించేది. ప్రశ్న అటు పడిందన్నమాట. ఆయన జవాబు చెప్పే ఉంటారు. వినడానికి నాకే దారి లేదు.

లెక్క సరిపోయే రోజు రాకూడదని మొక్కుకున్న మనిషిని ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో.

కార్తీకమాసంలో వరసగా కొన్నాళ్ళు లెక్కకి రెండేసి గంటలే తక్కువ వచ్చాయి, తర్వాత ఒక్కొక్కటే. బ్యాటరీలు చూశాను, తీగలు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. ప్రశ్నలడిగేవాడు ఎదురుగా లేకుండా ఏ అవధాని మాత్రం ఎంతసేపు కూర్చుంటాడు?

నిన్న అమ్మ పదకొండు కొట్టింది.

"పదకొండు" అని పడింది తెర మీద.

అమ్మ గంట మంచం మీద పెట్టేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. మూడు నెలల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు. "రత్నం, చూశావుటే, పదకొండే. సరిగ్గా చెప్పారు. కోలుకుంటున్నారే."

నేను మంచం దగ్గరికి వెళ్ళి వంగి అడిగాను. "అవధానిగారూ, కాకికి జలుబు చేస్తే ఏ మందు వేసుకుంటుంది?"

జవాబు వెంటనే వచ్చింది. "ప్రశ్న బావుందమ్మా. చిన్నపిల్లలా అడిగారు. మీరెవరి తాలూకు?"

పట్టీ వైపు చూడాలనుకోలేదు, చూశాను. ఐకాన్ కింద ఒక్క చుక్క ఉంది.

"సరిపోయింది కదే?" అంది అమ్మ, నా చెయ్యి పట్టుకుని.

"సరిపోయిందమ్మా" అన్నాను.